జాగ వేరు, నడక వేరు

ఆగు, ఆ డబ్బా మంటల ఎయ్యకు! ఇటు పట్టుకరా. కట్టెలు ఎన్నన్న ఎయ్యి, ఆ ఇరిగిన కుర్చీ కాలు ఎయ్యి. ఇవి క్యాసెట్లు. కాలితె కంపు పొగ తప్ప ఎచ్చదనం రాదు, గల్లీ గల్లంత తెల్లారేదాక దగ్గుతది. అయినా లోపట ఏమున్నదో చూడకుంట ఎట్ల ఏస్తవు బిడ్డా?

కూసో. వాచ్‌మన్‌కు సుత జర జాగ ఇయ్యి, పాపం పొద్దుందాక గేటు కాడ నిలవడ్డడు. పుష్యమాసం చలి, ముంగట మంట, ఎనుక ఈపు మంచుగడ్డ. ముచ్చట చెప్పేటందుకు ఇంతకన్న మంచి యాళ్ల లేదు.

నిన్న నువ్వు నాకు ఒక వీడియో చూపించినవు గదా. నీ దోస్తు పాడిండు. బొమ్మ ఫోన్ల తీసినవు, పాట వేరే మైకు డబ్బాల పట్టినవు, తర్వాత రెండు కలిపినవు. మొదట్ల పెదవులు, మాట సక్కగ ఉన్నయి. అరగంట దాటినంక నోరు ఒకటంటది, పాట ఇంకొకటంటది. ఫోన్ ఖరాబైందన్నవు. ఫోన్‌కు ఏం కాలే. ఈ రోగం నేను 1997లనే ఈ అమీర్‌పేటల చూసిన. ఇదే క్యాసెట్‌ల చూసిన.

అమీర్‌పేట అంటె మీకు మైత్రీవనం, కోచింగు బోర్డులు, మెట్రో. మాకు సారథి స్టూడియో. 1950లు అయిపోవచ్చేటప్పుడు కట్టిండ్రు. ‘మా ఇంటి మహాలక్ష్మి’ అని 1959ల వచ్చింది, పూర్తిగ హైదరాబాదుల తీసిన మొదటి తెలుగు సినిమా అని చెప్పుకుంటరు, అది అక్కడనే. మా మేనమామ సెట్టింగు వడ్లాయన. ఆయనకు సద్ది తీస్కపోయే వంక పెట్టుకొని నేను లోపట తిరిగేది. సెట్టింగుల మీద నాకు మనసు పోలే. చీకటి అర్రల గిర్ర గిర్ర తిరిగే సౌండు మిషన్ల కాడనే నిలవడేది.

అప్పటి లెక్క మస్తు సీదా ఉండె. సినిమా ఫిల్ము 35 మిల్లీమీటర్లు. ఒక్కొక్క బొమ్మ పక్కన 4 రంధ్రాలు. సెకనుకు 24 బొమ్మలు, అంటె 96 రంధ్రాలు. సౌండు పట్టే మాగ్నెటిక్ ఫిల్ముకు సుత అవే రంధ్రాలు. ప్రొజెక్టరు, సౌండు మిషను రెండూ ఒక్కసారి కదిలేటట్టు మోటర్లు కట్టిండ్రు. పండ్ల చక్రం ఆ రంధ్రాలల్ల దిగి గుంజుతది. ఇక్కడ ఒక రంధ్రం జరిగితె అక్కడ ఒక రంధ్రం జరుగుతది. గడియారమే అక్కరలేదు. ఎడ్లబండి రెండు చక్రాలకు ఒక్క ఇరుసు ఉన్నట్టు.

తర్వాత టేపు వచ్చింది. మంచిగ వినిపిస్తది, మల్ల మల్ల పట్టొచ్చు. కని దానికి రంధ్రాలు లేవు. నున్నటి రిబ్బను. ఒక మిషన్‌ల జర సాగుతది, ఇంకో మిషన్‌ల జర జారుతది. బొమ్మతోని ఎట్ల కట్టాలె?

దానికి తీసిన ఉపాయమే టైంకోడ్. టేపు మీద ఒక ట్రాకుల అంకెలను చప్పుడు చేసి రాస్తరు. ప్రతి బొమ్మకు ఒక పేరు: ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు, ఇన్ని సెకన్లు, ఇన్నో ఫ్రేము. ఒక్కొక్క పేరుకు 80 బిట్లు. మన టీవీ లెక్క సెకనుకు 25 ఫ్రేములు గదా, సెకనుకు 2,000 బిట్లు. స్పీకర్‌ల పెట్టి వింటె వానకాలం చెరువుకట్ట మీద కీచురాళ్లు అరిసినట్టే ఉంటది. పక్క ట్రాకులకు కారుతది అది. ఒకసారి పిల్లనగ్రోవి ఎనుక సన్నగ కీచుమనుడు వినపడితె, వాయించినాయన తన గొట్టం పగిలిందని పాపం గంట సేపు చూసుకున్నడు. అప్పటి నుంచి కోడ్ పక్క ట్రాకు ఖాళీగ ఇడిసిపెట్టేటోళ్లం.

ఇగ అసలు ముచ్చట. 1995 ఆగస్టుల ఈటీవీ వచ్చింది, అదే ఏడు జెమినీ. అంతకుముందు మనకు దూరదర్శన్ ఒక్కటే. ఒక్కసారిగ సీరియళ్లు, డబ్బింగులు, భక్తి క్యాసెట్లు, చేతులకు ఎడం లేదు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, శ్రీనగర్ కాలనీ, ఎక్కడ ఖాళీ అర్ర ఉంటె అక్కడ గోడలకు గోనెలు, దూది కొట్టి థియేటరనేటోళ్లు. మాది అమీర్‌పేట నుంచి పంజగుట్ట పోయే తోవల, ఒక గల్లీల, రెండో అంతస్తు. అండ్ల నేను అసిస్టెంటును. నా మీద ఒక పెద్ద సారు, మద్రాసుల చానా ఏండ్లు చేసి వచ్చినాయన. సినిమా మద్రాసు ఇడిసి ఇటు మర్లినప్పుడు వచ్చినోళ్లల్ల ఒకరు. నాలుగు బాసలు కలిపి తిట్టేది, చెప్పేటప్పుడు మాత్రం ముద్దలు కలిపి పెట్టినట్టు చెప్పేది.

మా ఓనరు అప్పు చేసి రెండు అడాట్ మిషన్లు తెచ్చిండు. అలీసిస్ అనే అమెరికా కంపెనీది. 1991 జనవరిల లోకానికి చూపించిండ్రు, 1992ల అమ్మిండ్రు, అక్కడ 3,995 డాలర్లు. అప్పటిదాక డిజిటల్‌ల ఎక్కువ ట్రాకులు పట్టాలంటె లక్షలకు లక్షల సొమ్ము. ఈ మిషన్ చూస్తె ఇంట్ల వీసీఆర్ లెక్కనే ఉంటది, అండ్ల పెట్టేది ఎస్‌వీహెచ్‌ఎస్ క్యాసెట్టే. ఇదో, ఇదే. దీంట్ల 8 ట్రాకులు, 40 నిమిషాలు. మిషన్‌కు మిషన్ కట్టుకుంట పోతె 16 మిషన్లు, 128 ట్రాకులు. మాకు రెండే, 16 ట్రాకులు. అయినా ఆ పొద్దు కొబ్బరికాయ కొట్టినం. పోటీగ 1993ల టాస్కామ్ వాళ్ల డీఏ-88 వచ్చింది. చిన్న హై-8 టేపు, అండ్ల గంటా 48 నిమిషాలు పట్టేది. సినిమావాళ్లకు అదే ఇష్టం. నన్నడిగితె అదే గట్టిది. కని కొనేటోడు మా ఓనరు, నేను గాదు.

కొత్త క్యాసెట్‌ను ముందుగాల ఫార్మాట్ చెయ్యాలె. 40 నిమిషాల టేపుకు 40 నిమిషాలు ఖర్చు. ఆ సేపట్ల మిషన్ టేపు పొడుగూత తన సొంత గుర్తులు కొట్టుకుంట పోతది. పాత ఫిల్ముకు కంటికి కనపడే రంధ్రాలు, దీనికి కనపడని రంధ్రాలు. అందుకే టైంకోడ్ కోసం ఒక ట్రాకు దండుగ గాదు. మిషన్లకు పైన పెద్దమనిషి బీఆర్‌సీ అని ఒక రిమోట్. వీడియో మిషన్ నుంచి వచ్చే టైంకోడ్ వైరు దాని చెవుల పడుతది. అది ఇంటది: ఓహో, బొమ్మ ఇప్పుడు 4 గంటల 2 నిమిషాల 10 సెకన్ల 12వ ఫ్రేము కాడ ఉన్నది. ఎంటనే అడాట్లను ఆ జాగకు ఉరికిస్తది, దాటిపోతె ఎనుకకు గుంజుతది, జర తొందర, జర నిమ్మలం, చివరికి కలుస్తది. లైటు వెలుగుతది. అప్పుడు సారు ‘పట్టుకున్నది’ అనేది. మైకు కాడ ఆర్టిస్టు అప్పటిదాక నోరు తెరిసి ఆగాలె. ఆ కలిసేటందుకు 10 సెకన్లన్న ముందుగాల బొమ్మను ఇడవాలె.

ఇక్కడ నేను ఒక తప్పు చేసిన. ఒక వీడియో టేపు మీద కోడ్‌ను సున్నా నుంచి మొదలువెట్టిన. సున్నా గంటలు, సున్నా నిమిషాలు, ఏం తప్పు అనుకున్న. 10 సెకన్ల ముంగటి నుంచి రమ్మంటె మిషన్ ఏడికి పోవాలె? సున్నాకు ముంగట ఉన్నది రాత్రి 23 గంటల 59 నిమిషాల 50 సెకన్లు! అడాట్ పాపం దినమంత దూరం ఉన్నదనుకొని టేపు కొసదాక ఉరికింది. సారు తిట్టలే, నవ్విండు. ‘మొదటి రీలుకు 1 గంట, రెండో రీలుకు 2 గంటలు, అట్ల రాయి. ఇంటి ముంగట జర వాకిలి ఉండాలె’ అన్నడు.

జాగ తెలుసుడు అంటె ఇదే, టైంకోడ్ చేసే పని. అయితె జాగ తెలిస్తె సరిపోదని నాకు తెల్పినోళ్లు ఒగ్గు కథోళ్లు.

1997ల, బోనాలు అయినంక, ఒక పల్లె నుంచి ఒగ్గు బృందం వచ్చింది. డోలు, తాళాలు, నపీర, కథ చెప్పే ముసలాయన. భక్తి క్యాసెట్లు అమ్మేటాయన వీడియో సుత తీద్దామన్నడు. మా థియేటర్‌ల పట్టరు గదా, ఒక ఫంక్షన్ హాలు మాట్లాడినం. సౌండు నాది, ఒక అడాట్, 8 మైకులు. బొమ్మ ఒక పెండ్లిళ్ల కెమెరా పిలగానిది. సారు ఊర్ల లేడు. నేను మొనగాణ్ణి అనుకొని, మొదలువెట్టేటప్పుడు చేతులు చటుక్కున చరిసిన. చప్పట్ల బొమ్మ, చప్పట్ల చప్పుడు కలిపితె అయిపాయె గదా అని. కెమెరాకు, నా మిషన్‌కు నడుమ వైరు ఒక్కటి లేదు.

థియేటర్‌ల కూసొని కలిపినం. చప్పట్లు అద్దం లెక్క కలిసినయి. ఎల్లమ్మ పుట్టుక దాక మంచిగనే ఉన్నది. టేపు కొసకు వచ్చేటప్పటికి నాకు ఏదో గుచ్చుకుంటున్నది. ముసలాయన పెదవులల్ల అంత తెలుస్తలేదు, మీసాలు అడ్డం. కని డోలు దాసుతదా? కట్టె తోలు మీద పడ్డది కంటికి కనపడుతది, ‘ఢమ్’ అన్నది తర్వాత వస్తది. మూడు ఫ్రేములు తేడా. కంటిమీద చెయ్యి పెట్టుకుంటె మంచిగుంటది, చెవులు మూసుకుంటె మంచిగుంటది, రెండు తెరిస్తె వాంతికొచ్చినట్టు అయితది.

సారు వచ్చిండు. చూసిండు. అడిగిండు: ‘నువ్వు బారాత్ చూసినవా?’

‘చూసిన సార్.’

‘సత్యం టాకీసు కాడ రెండు మర్ఫా బ్యాండ్లు ఒక్కసారి కొట్టుడు మొదలువెట్టినయి అనుకో. ఒకళ్లు ఈ గల్లీల నుంచి, ఒకళ్లు ఆ గల్లీల నుంచి. ఒకళ్లది ఒకళ్లకు ఇనపడదు. పంజగుట్ట చౌరస్తల కలిసేటప్పటికి ఇద్దరి దెబ్బ ఒక్కటి ఉంటదా?’

ఉండదు.

ప్రతి డిజిటల్ మిషన్‌ల ఒక స్ఫటికం ఉంటది, అదే దాని గుండెకాయ. సెకనుకు 48,000 సార్లు చప్పుడును కొలిసి రాసుకుంటది, 25 ఫ్రేముల లెక్కన ఒక్క బొమ్మకు 1,920. కని ఏ రెండు స్ఫటికాలు ఒక్క తీరుగ కొట్టుకోవు. పది లక్షలల్ల 50 తేడా ఉన్నదనుకో. ఏం పెద్దగ అనిపించది. 40 నిమిషాలకు లెక్క కట్టు. సెకన్ల 100ల 12 వంతులు. ఒక్క ఫ్రేము 100ల 4 వంతులు. మూడు ఫ్రేములు! సరిగ్గ నా డోలు దెబ్బ.

‘జాగ వేరు, నడక వేరు’ అన్నడు సారు. ‘టైంకోడ్ జాగ చెప్తది. నడక క్లాకు చెప్తది. రెండూ ఒక్క పెద్ద మిషన్ నుంచి రావాలె.’ పెద్ద స్టూడియోలల్ల దానికోసమే ఒక డబ్బా పెట్టుకుంటరు. నల్ల తెర సిగ్నలు ఒకటి పుట్టించి వీడియోకు, ఆడియోకు, అన్నిటికి పంచుతరు, ఇంటికంత ఒక్క గుండెకాయ. మా కాడ థియేటర్‌ల చిన్నది ఒకటి ఉండె. నేను ఫంక్షన్ హాలుకు తీస్కపోలే. థియేటర్‌ల సుత బీఆర్‌సీ మీద క్లాకు బయటి నుంచి తీస్కో అని పెట్టుడు మరిస్తె ఇదే గతి. పట్టుకున్నప్పుడు లైటు వెలుగుతది, నువ్వు కుష్ అయితవు, మిషన్ మాత్రం తన సొంత నడక నడుస్తది. ఆ లైటును నమ్మి మోసపోయినోళ్లను చానామందిని చూసిన.

ఒగ్గు కథను ఆఖరికి ముక్కలు ముక్కలు చేసినం. అయిదు నిమిషాలకొకసారి ఆపి, జర జరిపి, మల్ల కలిపినం. మూడు రాత్రులు పట్టింది. పగలు చెయ్యలేం, బయట ఆటోల మోత. నీ వీడియోకు సుత ఇదే మందు. మీ ఫోన్ల ఇంకో బాధ, అది ఫ్రేములు ఒక్క తీరుగ సుత తియ్యది, ఎలుగును బట్టి ఎక్కువ తక్కువ చేస్తది. సెట్టింగ్‌ల గట్టిగ కట్టెయ్యి.

కట్టె ఎయ్యి జర. మంట తగ్గింది.

నడక తప్పుడు ఎంత దూరం పోతదో ఒక సినిమా చెప్పింది. పేరు చెప్పను. బ్యాక్‌గ్రౌండు మ్యూజికు వేరే ఊర్ల చేసిండ్రు, 16 ట్రాకులు అడాట్ టేపుల మీద వచ్చినయి. ఫైనల్ మిక్సింగు పెద్ద థియేటర్‌ల, ప్రొజెక్టరు మీద. రెండు అడాట్లు ఆటోల పెట్టి, ఒడిల దిండేసుకొని తీస్కపోయినం. రీలు నడిసింది. మొదలు బాగనే ఉన్నది. పది నిమిషాల రీలుల 9 నిమిషాల 36 సెకన్లకు మ్యూజికు అయిపోయింది! హీరో ఇంకా ఏడుస్తనే ఉన్నడు. 24 సెకన్లు ఎటు పోయినయి? ప్రొడ్యూసరు మా దిక్కు చూస్తున్నడు. మేము కొట్టేసినట్టు.

సినిమా సెకనుకు 24 బొమ్మలు. మన టీవీ 25. సినిమాను వీడియో క్యాసెట్ మీదికి దించేటప్పుడు 24ను 25 లెక్క ఉరికిస్తరు. మ్యూజికు చేసినాయన ఆ క్యాసెట్ చూసుకుంటనే చేసిండు, టైంకోడ్‌తోని ఎంట్రుకవాసి తేడా లేకుండ కట్టిండు. ఆయన తప్పు ఏం లేదు. ఆయన చూసిన బొమ్మనే ఉరుకుతున్నది. టేపు అట్ట మీద 25 అని రాసి ఉంటె మాకు ముందే తెలిసేది. ఎవరూ రాయలే.

ఇగ అడాట్‌ను నిమ్మలం చెయ్యాలె. 48,000ను 46,080కి దించాలె. మా మిషన్‌కు శ్రుతి మార్చే బటను ఉన్నది, సెంట్ల లెక్క, నిండు అంకెలే పడుతది. కావాల్సింది 70.67, పెట్టగలిగింది 71. ఆ మిగిలిన దానికే రీలు కొసకు దగ్గర దగ్గర మూడు ఫ్రేములు. మ్యూజికు గదా, ఓర్సుకోవచ్చు, పెదవులకైతె కుదరకపోవు. నిడివి కలిసింది. కని శ్రుతి దిగింది, అర స్వరంల దగ్గర దగ్గర ముప్పావు. పాట మాత్రం ముందే వేరేగ పట్టిండ్రు, అది అసలు శ్రుతిలనే ఉన్నది. పాట అయిపోయి అదే వరస వయొలిన్ మీద వచ్చే కాడ మెట్టు దిగి కాలు జారినట్టు ఇనపడుతది. సారు చానా సేపు గడ్డం గోక్కున్నడు. ఆఖరికి నడుమ ఒక ఉరుము పెట్టినం. ఆ సీన్‌ల వాన లేదు. సినిమా నడిసింది, ఒక్కడు అడగలే.

అమెరికా తెలుగోళ్ల సభల వీడియో ఒకటి వచ్చినప్పుడు ఇంకో కథ. వాళ్ల లెక్క 30 అంటరు, నిజానికి 29.97. గడియారంతోని కలిపేటందుకు నిమిషానికి రెండు అంకెలు దాటేస్తరు, పదో నిమిషం మాత్రం దాటరు, గంటకు 108. బొమ్మలు పోయినయేమో అని నేను భయపడ్డ. సారు పంచాంగం చూపించిండు: ‘క్షయ తిథి వస్తె నీ బతుకుల ఒక రోజు పోతదా? అంకె పోతది, పొద్దు పోదు.’

1999 వచ్చేటప్పటికి మా కింది అంతస్తుల కోబాల్ నేర్పేటోళ్లు దిగిండ్రు. వై2కే జోరు. మెట్ల మీద పొద్దందాక పిలగాండ్ల బూట్ల చప్పుడు, కిరాయి ఎక్కింది. మల్ల హార్డ్‌డిస్కులు వచ్చినయి, టేపు తిప్పే పని లేకపాయె. సారు మద్రాసుకు మర్లిపోయిండు, అక్కడనే పోయిండు. అడాట్లను ఓనరు తూకానికి అమ్మిండు. ఇప్పుడు ఆ బిల్డింగు హాస్టల్. 2018ల పంజగుట్ట మీదికెల్లి మెట్రో నడిసినంక ఆ గల్లీల రికార్డింగు అనే మాటే లేదు.

ఆ ముసలాయన కథ ఇంకెక్కడ లేదు. అమ్మిన వీడియోల సౌండు ఒక్క ముద్ద అయిపోయింది. ఎనిమిది మైకులు ఎనిమిది తీర్లుగ ఉన్నది ఈ క్యాసెట్ ఒక్కటే. ఆడించే మిషన్ నా కాడ లేదు. ఎవలన్న నడిచే అడాట్ ఉన్నదన్నరంటె ఆ అడ్రసు నాకు తెచ్చియ్యి, నడుసుకుంటన్న పోత.

ఎలుగుల పెట్టి సదువు, నా రాతనే. ‘ఒగ్గు కథ. ఎల్లమ్మ. 1997. 8 ట్రాకులు, 48,000. వీడియో 25. బయటి క్లాకు కట్టలే. టేపు కొసకు 3 ఫ్రేములు తేడా.’